రాతి మోకాళ్ళు, చిలక ఈకలు

మీ తాతలకు తాతలు కూడా పుట్టని రోజుల్లో కుముదపురాన్ని ఒక రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రత్నకేతు ఏడు సముద్రాల అవతలికి వేటకు పోయి తిరిగి రాలేదు. వాణ్ణి వెతకబోయిన రెండోవాడు సోమకేతూ రాలేదు. రాజు అన్నం మానేసి మంచం పట్టాడు. అప్పుడు చిన్నవాడు నీలకేతు బయలుదేరాడు. మహా ధైర్యవంతుడనుకునేరు, కాదు. పిడుగు పడితే అమ్మ కొంగు పట్టుకునే రకం.

ఒడ్డున వలలో చిక్కిన ముసలి తాబేలును విడిపించాడు. అది వాణ్ణి వీపున ఎక్కించుకుని ఒక సముద్రం దాటింది, రెండు దాటింది, ఏడూ దాటింది.

"మీ అన్నలనూ నేనే దాటించాను బాబూ," అంది తాబేలు. "భస్మజటుడనే మాంత్రికుడితో జోడీ ఆట ఆడి ఇద్దరూ రాళ్ళయిపోయారు. గడప దగ్గర కూర్చుని అంతా చూశాను."

"అదేం ఆట?"

"తలా రెండు పేకముక్కలు మూసి పంచుతారు. నడుమ మూడు ముక్కలు ఒక్కొక్కటే తెరుస్తారు, అవి అందరివీ. పెద్ద జోడీ ఉన్నవాడిది గెలుపు, ఆసులు అన్నిటికన్నా పెద్దవి. ఒకేలాంటివి మూడు కలిస్తే ఏ జోడీ అయినా ఓడిపోతుంది. ఒకడు పందెం పెంచితే మిగతావాళ్ళూ అంతే పెట్టాలి, లేదా ముక్కలు పారేసి పెట్టింది వదులుకోవాలి. మనం పెట్టేది మన ఒళ్ళు. పెట్టినంత మేరా రాయవుతుంది. గెలిస్తే తిరిగొస్తుంది. వాడు పెట్టేది తన చిలక ఈకలు. వాడి ప్రాణం వాటిలోనే ఉంది."

"మరి అన్నలెలా ఓడారు?"

"పెద్దాయనకు రెండు రాజులొచ్చాయి. అందరినీ లోపలికి లాగుదామని పందెం పెంచకుండా ఊరుకున్నాడు. మాంత్రికుడి తరఫున ఆడే చెక్కబొమ్మలు రెండూ ఒక్కో ఈకతో చౌకగా దూరాయి. ఒక బొమ్మ దగ్గర రెండు రెళ్ళున్నాయి. మూడో రెండు నడుమ పడింది. చివర్న ఒళ్ళంతా ఒడ్డి ఓడిపోయాడు. రెండో ఆయనకు రెండు రాణులొచ్చాయి. భయంతో మొదట్లోనే ఒళ్ళంతా ఒడ్డేశాడు. చిన్న ముక్కలున్న బొమ్మలు తప్పుకున్నాయి, రెండు ఆసులున్న మాంత్రికుడొక్కడే ఎదురొచ్చాడు. అప్పుడు చిలక జామపండు తాపీగా తింటోంది బాబూ."

నీలకేతు గుక్కెడు ఉప్పునీళ్ళు మింగాడు.

మాంత్రికుడి కోటలో మిట్టమధ్యాహ్నం కూడా చలి. గోడ పక్కన అన్నలిద్దరూ రాళ్ళై నిలబడి ఉన్నారు. పెద్దన్న నోరు ఏదో చెప్పబోతూ తెరుచుకునే ఉంది. చూడగానే నీలకేతుకు పారిపోతే బావుణ్ణనిపించింది.

"రా నాయనా, కూర్చో. మీ అన్నల కుర్చీయే అది," అన్నాడు భస్మజటుడు.

ముక్కలు పంచేది హేమలేఖ, మాంత్రికుడు ఎత్తుకొచ్చిన రాకుమారి. ఆమె చేతులకు సంకెళ్ళు. పంచుతూ ఒక్కసారి నీలకేతు కళ్ళలోకి చూసింది. గెలిస్తే ఆమెకూ విడుదల అని అతనికి అర్థమైంది.

నీలకేతు ముక్కలు కొంచెం ఎత్తి చూశాడు. రెండు రాజులు. పెద్దన్నకు వచ్చినవే.

దాచుకో, దాచుకో అంది భయం. మొత్తం ఒడ్డేసి పీడ వదిలించుకో అని కూడా అదే భయం అంది. బొమ్మలు చెక్క మెడలు తిప్పి ఒక్కో ఈక పెట్టాయి.

"మోకాళ్ళదాకా," అన్నాడు నీలకేతు.

పాదాలు చల్లబడ్డాయి, పిక్కలు బిగిశాయి, మోకాళ్ళు రాయయ్యాయి. బొమ్మలకు అన్ని ఈకలివ్వడానికి మాంత్రికుడు ఒప్పుకోలేదు. అవి ముక్కలు పారేశాయి. మాంత్రికుడు మాత్రం చిలక ఈకలు పీకి పెట్టాడు.

మొదటి ముక్క పది. ఎవరూ పెంచలేదు. రెండో ముక్క ఆసు. భస్మజటుడు నవ్వాడు.

"గుండెలదాకా రా, లేదా మోకాళ్ళు ఇక్కడే వదిలి పాక్కుంటూ ఇంటికి పో."

వాడి దగ్గర ఆసు ఉంటే? నీలకేతు తలెత్తి చూశాడు. వాడి ముఖంలో ఏమీ కనిపించలేదు. అప్పుడు వాడి పక్కన పంజరంలో ఉన్న చిలకను చూశాడు. దాని ముందు జామముక్క అలాగే ఉంది. చిలక ముక్కుతో పంజరం కమ్మీ గట్టిగా పట్టుకుని ఉంది. అదీ తనలాగే భయపడుతోంది.

"గుండెలు కాదు, మెడదాకా," అన్నాడు నీలకేతు.

నడుము పోయింది. చేతులు పోయాయి. గుండె కొట్టుకోవడం ఆగిపోయింది, ఆ నిశ్శబ్దం చెవులకు వినిపించింది. మాంత్రికుడి వేళ్ళు మొదటిసారి తడబడ్డాయి. తప్పుకుంటే పెట్టిన ఈకలన్నీ పోతాయి. ఆ దురాశతోనే ఆఖరి ఈక కూడా పీకి పెట్టాడు.

హేమలేఖ మూడో ముక్క తెరిచింది. ఐదు.

భస్మజటుడి చేతిలో ఉన్నవి పది, ఏడు. పదుల జోడీ మాత్రమే. నీలకేతు కదల్లేడు కాబట్టి అతని ముక్కలు హేమలేఖే తిప్పింది. రాజు, రాజు.

ఈకలన్నీ లేచి నీలకేతు మీద వాలాయి. గుండె మళ్ళీ కొట్టుకుంది. మాంత్రికుడు కూర్చున్న చోటే బూడిదయ్యాడు. సంకెళ్ళు రాలాయి. పెద్దన్న తెరిచిన నోటితో ఆగిన మాట పూర్తిచేశాడు: "...పెంచరా తమ్ముడూ!"

బోడి చిలక మాత్రం చావలేదు. మోసిన బరువు దిగిపోయిందేమో, తాపీగా జామముక్క అందుకుంది.

అందరూ తాబేలెక్కి ఏడు సముద్రాలూ దాటి వచ్చారు. రాజు లేచి కడుపునిండా అన్నం తిన్నాడు. నీలకేతుకూ హేమలేఖకూ పెళ్ళయింది, అన్నలు ముచ్చటపడి సింహాసనం అతనికే ఇచ్చారు. చాలాకాలం చల్లగా ఏలాడు. ఎప్పుడైనా మనవలు ఒళ్ళో చేరి, "తాతా, నీకప్పుడు భయం వెయ్యలేదా?" అని అడిగేవారు.

"వేసింది నాయనా, చాలా వేసింది," అంటూ మోకాళ్ళు తడుముకునేవాడు. "కానీ వాడికీ వేస్తోందని చూశాను."