పాత్ర బోర్లించిన శిష్యుడు

వెనక కూర్చున్నవాళ్ళు కూడా ముందుకు జరగండి పిల్లలూ, చాప మీద ఇంకా చోటుంది. ఇవాళ్టి కథలో నవ్వులేం లేవు, ముందే చెబుతున్నాను.

కృష్ణ ఒడ్డున ఒక బౌద్ధారామం. అందులో ధర్మనంది అనే ముసలి భిక్షువు, ఆయన శిష్యుడు విధికుడు ఉండేవారు. విధికుడికి ఒక సంగతి మింగుడుపడేది కాదు. ఏటి అవతలి రాజు కాలువ తవ్వకానికి మనుషుల్ని కొట్టి తోలుకుపోయేవాడు. ఇదేం న్యాయమని అడిగిన నలభైమందిని కోట కింద నేలమాళిగలో పడేశాడు. అలాంటివాడి దగ్గరికి గురువు ప్రతి పున్నమికీ ఒంటరిగా భిక్షకు వెళ్ళేవాడు.

దుర్మార్గుడి ముందు భిక్షువు పాత్ర బోర్లిస్తే, నీ కూడు మాకొద్దని అర్థం. తక్కిన ఆరామాలవాళ్ళంతా ఎప్పుడో బోర్లించేశారు.

"మీరు తినడం చూపించి పక్క రాజుల దగ్గర మంచివాడనిపించుకుంటున్నాడు, స్వామీ," అన్నాడు విధికుడు.

"అవును నాయనా."

"తెలిసే వెళ్తున్నారా?"

"తెలిసే."

ఎందుకని మాత్రం అతను అడగలేదు.

ఒక పున్నమికి ధర్మనంది జ్వరంతో లేవలేకపోయాడు. శిష్యుడి చేతిలో ఒక తాటాకు పెట్టి, "అన్నం పుచ్చుకో. దీవెన వేళ ఇది గట్టిగా చదువు," అని పంపాడు.

విధికుడు తాటాకు విప్పనేలేదు. నిండు కొలువులో పాత్ర బోర్లించి వచ్చేశాడు. దారిపొడవునా జనం దణ్ణాలు పెట్టారు.

గురువు కోప్పడలేదు. "కోట వాకిట ఖైదీల ఇళ్ళ ఆడవాళ్ళుంటారు. మాట్లాడావా?" అన్నాడు.

"లేదు స్వామీ."

"వెళ్ళి మాట్లాడి రా."

మర్నాడు వెళ్ళాడు. ఒక ముసలమ్మ ఎదురొచ్చి అతని పైవస్త్రం పట్టుకుంది.

"మా అబ్బాయి హంఘడు పలికాడా అయ్యా?"

అతనికి అర్థం కాలేదు. పక్కనున్న ఆవిడ చెప్పింది. "దీవెన వేళ పెద్దసామి ఖైదీల పేర్లు చదువుతాడు కదా. కింద బతికున్నవాడు ఉన్నానంటాడు. ఆ కబురు మాకు చెప్పి, పక్క రాజ్యాలకూ పంపుతాడు. అక్కడి దూతలు అవే పేర్లు పట్టుకుని అడిగితేనే పోయినేడు ఆరుగురిని వదిలారు. నిన్న నువ్వు చదివావుగా?"

విధికుడు పరుగున ఆరామానికి వెళ్ళి, విప్పని తాటాకు గురువు చేతిలో పెట్టాడు.

అప్పటికే కోట తలుపు భిక్షువులకు మూసేశారు. ధర్మనంది జ్వరంతోనే వెళ్ళి వాకిట మూడు రోజులు నిలబడ్డాడు. చివరికి రాజు కబురు పంపాడు: కొలువులో అందరి ముందూ మోకరిల్లితే రానిస్తాను.

భిక్షువు ఏ రాజుకూ మోకరిల్లడు. ధర్మనంది మోకరిల్లాడు. వెనక నిలబడ్డ విధికుడు నేల చూపులు చూశాడు.

రాజు నవ్వుతూ అన్నం పెట్టించాడు. గురువు తాటాకు శిష్యుడికి అందించి, "నువ్వే చదువు," అన్నాడు.

"మూలకుడు."

"ఉన్నా," అని కింద నుంచి వినబడింది.

"చందుడు."

"ఉన్నా."

"హంఘడు."

జవాబు లేదు. విధికుడు మళ్ళీ పిలిచాడు. కింద ఎవరో దగ్గారు, అంతే. నాలుగు రోజుల కింద పిలిచి ఉంటే పలికేవాడో లేదో, చెప్పేవాళ్ళు లేరు.

"తరువాతి పేరు చదువు నాయనా," అన్నాడు ధర్మనంది.

ఇక లేవండి పిల్లలూ. ఇంటి దగ్గర అన్నాలు చల్లారిపోతాయి, వెళ్ళి తినండి.