కళ్ళు బాగున్న పిల్ల

"అడగని పిల్లలకు ఇలాంటివి చెప్పడం తప్పు కాదా, అమ్మగారూ?" అని సుగుణ అడిగింది.

విజయనగరం అవతల ఒక ఆడపిల్లల హాస్టలు బడిలో, ఆరోగ్య కేంద్రం నడిపే డాక్టర్ హైమవతిగారి దగ్గర సుగుణా నేనూ నర్సు పని నేర్చుకున్న రోజులవి. గదిలోని స్పిరిట్ వాసనతో కిటికీలోంచి జీడిమామిడి పూత వాసన కలిసి వచ్చేది. ఇప్పటికీ ఎక్కడైనా స్పిరిట్ సీసా మూత తీస్తే నాకు ఆ కిటికీయే గుర్తొస్తుంది. ఏది అడిగినా అమ్మగారు వెంటనే జవాబు చెప్పేవారు కాదు. "చూద్దాంలే" అనేవారు.

సుగుణ అడిగింది ఒక పోస్టరు గురించి. హెచ్‌ఐవి సోకే ప్రమాదం ఉన్నవాళ్ళు రక్తపరీక్ష చేయించుకుని, డాక్టరు చెప్పినట్టు ముందునుంచే మాత్రలు వాడితే చాలావరకు సోకకుండా కాపాడుకోవచ్చని అందులో ఉంది. సుగుణ కూతురిదీ ఆ ఈడే, దూరాన ఇంకో హాస్టల్లో చదువుతోంది. అందుకే ఆమెకు చెయ్యి ఆడలేదు. పోస్టరును పారేయలేక, పదిమందికీ కనబడేలా పెట్టలేక, తెర వెనక కంటి పరీక్ష అట్ట కింద అంటించింది.

ఆ వారం పదో తరగతి పైడితల్లి కంటి పరీక్షకని మళ్ళీ వచ్చింది. మొదటిసారే చూపు బాగుందని తేలింది. గుమ్మం దగ్గర స్నేహితురాళ్ళు నవ్వారు. "ఏటే, కళ్ళజోడెట్టుకుంటే టీచరమ్మవైపోతావేటి?"

అమ్మగారు సుగుణను పక్కన నిలబెట్టుకుని పరీక్ష మొదలుపెట్టారు. పైడితల్లి ఒక కన్ను మూసుకుని, ఆఖరి వరుసలోని చీమల్లాంటి అక్షరాలు కూడా గడగడా చదివేసింది.

"మసకగా ఉందన్నావు కదే!" అంది సుగుణ.

పిల్ల చూపు కింది పోస్టరు మీదే ఉంది.

"అదీ చదువమ్మా," అన్నారు అమ్మగారు.

చదివింది. సగంలో ఆపి అమ్మగారి వైపు తిరిగింది. "ఈ మాత్రలు పెళ్ళయినోళ్ళకీ ఇస్తారేటండీ? మా బావకి ఆ జబ్బుందంట. అప్పకి లేదన్నారు. ఆదివారం అప్పని అత్తోరింటికి పంపించేస్తన్నారు."

"ఇస్తారమ్మా. మీ అక్క వెళ్ళేలోగా ఇద్దరినీ డాక్టరు చూడాలి. నువ్వు భయపడకు," అన్నారు అమ్మగారు.

శనివారం పైడితల్లి అక్కనూ బావనూ పెద్దాసుపత్రికి వెంటబెట్టుకుని వెళ్ళింది సుగుణే. ఆయనకు వైద్యం మొదలైంది. ఆమెకు మాత్రలు రాసిచ్చారు. తిరిగి వచ్చాక సుగుణ చెప్పులైనా విప్పకుండా అమ్మగారి ఎదుట నిలబడింది.

"అంతా సర్దుకుంది కదండీ. మరి మీ మొహం ఎందుకలా ఉంది?"

అమ్మగారు తెర పక్కకి తీసి కంటి పరీక్ష అట్ట వైపు చూశారు.

"మనల్ని అడగడం కంటే, కళ్ళు కనబడటం లేదని చెప్పడమే తేలికనిపించింది సుగుణా, ఆ పిల్లకి."