చిగురమ్మ వెలసిన బూడిదదిబ్బ

పూర్వం, ఈ సీమలో వాగుకు అవతల ఒక దొర, ఇవతల ఒక దొర ఏలుతూ ఉన్న కాలంలో, వావిలపల్లె అనే నలభై ఇళ్ల ఊరు ఉండేది. పైవీధిలో సాలెవారు మగ్గాలు నేసేవారు, కిందివీధిలో కుమ్మరులు కుండలు చేసేవారు. రెండు వీధులకూ నడుమనున్న ఖాళీస్థలంలో ఒక అమ్మవారి శిల ఉండేది. పొయ్యిలోని బూడిద, పగిలిన కుండపెంకులు, మగ్గం కింద తెగిపడిన నూలుపోగులు తరతరాలుగా ఆ శిలచుట్టూ పోగుపడి దిబ్బగా పెరిగినందున, వేరే పేరేదీ లేని ఆ తల్లిని అందరూ దిబ్బమ్మ అని పిలిచేవారు. అమ్మవారి మీద చెత్త వేయాలని ఎవరూ తలచలేదు. ప్రతి ఇల్లాలూ తన తట్టను తల్లికి కాస్త ఎడంగానే కుమ్మరించి వచ్చేది. తల్లి నడుముదాకా వచ్చిన కుప్ప మాత్రం ఎదుటివీధివారిదేనని రెండు వీధులవారూ మనస్ఫూర్తిగా నమ్మారు.

పైవీధిలో ఓబులక్క అనే సాలె ఇల్లాలు ఉండేది. ముగ్గురు బిడ్డలను పురిటిలోనే పోగొట్టుకున్న ఆమె, నాలుగవ కాన్పులో పుట్టిన ఆడపిల్లను తెచ్చి ఆ శిల ముందు పడుకోబెట్టి, ఈ బిడ్డ నీది తల్లీ, పెంచుకోవడానికి మాత్రం నాకు ఇయ్యమని వేడుకుంది. ఆ పిల్ల బతికింది. చెన్ని అని పేరు పెట్టుకున్నారు. అయితే నాలుగేళ్లు వచ్చినా ఆ బిడ్డ సన్నగా పీలగా ఉండేది. నేల తాకితే ఏ చలి ఎక్కుతుందో, ఏ ముల్లు దిగుతుందోనని ఓబులక్క ఆమెను చంక దింపేది కాదు. నూలు వడికేటప్పుడు ఒడిలో, నీళ్లకు పోయేటప్పుడు చంకలో మోస్తూ ఉండడంవల్ల చెన్ని అరికాళ్లు పుట్టిననాడు ఎంత మెత్తగా ఉన్నాయో అంత మెత్తగానే ఉండిపోయాయి.

ఒక కార్తికమాసంలో నాగమనాయకుడనే దొర దండుతో ఆ దారిన పోతూ, బూడిదలో కూరుకుపోయిన అమ్మవారిని చూసి గుర్రం దిగాడు. ఊరిపెద్దలను పిలిపించి, కోపం లేని గొంతుతోనే ఇలా చెప్పాడు: "ఈ తల్లికి మీ ఊళ్లో చోటు లేదని చూస్తేనే తెలుస్తోంది. చైత్రంలో ఇదే దారిన తిరిగి వస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే నా కోటకు తీసుకుపోయి గుడి కట్టిస్తాను."

దొర వెళ్లాక పెద్దలు తప్పు ఏ వీధిదో తేల్చడానికి మూడు రోజులు కూర్చున్నారు. ఓబులక్కకు అది అక్కరలేదు. తల్లి ఊరు విడిచిపోతే తల్లి ఇచ్చిన బిడ్డ కూడా నిలవదన్న భయం ఒక్కటే ఆమెను పట్టుకుంది. నాలుగవ రోజు పొద్దున్నే, చెన్నిని చీరచెంగుతో వీపున కట్టుకుని, తట్టా పారా తీసుకుని దిబ్బ ఎక్కింది.

కిందివీధి కుమ్మరి ఇల్లాలు బయ్యమ్మ తన ఇంటి బూడిదతో అప్పుడే వచ్చింది. కిందివీధి మొత్తం ఆమె నోటికి జడిసేది.

"ఏం ఓబులక్కా, నీ ఇల్లు ఊడవడం అయిపోయిందా, ఊరు ఊడుస్తున్నావు?"

"నాకు నా పిల్ల కావాలి వదినా," అంది ఓబులక్క తలెత్తకుండా. "నీకు తల్లి అక్కరలేకపోతే నీ తట్ట ఇక్కడే పొయ్యి. అది కూడా నేనే ఎత్తుకుంటాను."

బయ్యమ్మ బూడిద తట్టను ఎత్తిన చేతులతోనే వెనక్కి తీసుకుపోయింది. మర్నాడు ఖాళీ తట్టతో వచ్చింది. ఆమె వచ్చాక కిందివీధి వచ్చింది. కిందివీధి వచ్చాక పైవీధికి రాక తప్పలేదు. రెండు నెలల్లో దిబ్బ కరిగి అడుగున నల్లమట్టి బయటపడింది. పుష్యమాసంలో ఇంటికొక మొక్క చొప్పున గన్నేరు, నందివర్ధనం, మందారం, మరువం తెచ్చి అమ్మవారి చుట్టూ నలభై మొక్కలు నాటారు.

తప్పు జరిగింది ఆ తరువాతే. అమ్మవారి మొక్కకు కడివెడు నీళ్లు పోస్తే ఆ ఇంటికి పుణ్యమన్న మాట ఊళ్లో పాకింది. పొరుగింటి వాళ్లు పోసిన నీళ్లవల్ల తమకు పుణ్యం రాదు కనుక, ప్రతి ఇంటివారూ ప్రతి ఉదయం ప్రతి మొక్కకూ పోయసాగారు. మాఘం వచ్చేసరికి ఆకులు పసుపుపచ్చబడ్డాయి. దాహం తీరడం లేదేమోనని సాయంత్రం కూడా పోశారు. అందరికంటే ఎక్కువ పోసింది ఓబులక్కే. రాలిన ప్రతి ఆకులోనూ ఆమెకు చెన్ని మొహమే కనిపించేది. ఆకు రాలినకొద్దీ కడవ మీద కడవ మోసుకువచ్చేది.

ఫాల్గుణంలో ఊరంతా కలిసి తల్లికి కొలుపు చేశారు. డప్పులు మోగుతుండగా బయ్యమ్మకు పూనకం వచ్చింది. వేపమండ పట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా, ఆమెది కాని మెత్తని గొంతుతో, ఆమె నోట అమ్మవారే పలికింది.

"దాహమని నేనడిగానా? నలభై ఇళ్ల నీళ్లలో నానిపోతున్నాను. పోసేవాళ్లే గాని మట్టి ముట్టి చూసినవాళ్లు ఒక్కరు లేరు."

డప్పులు ఆగిపోయాయి. ఒక్కొక్కరే వంగి మొక్క మొదట్లో వేలు దింపి చూశారు. వేలు పూర్తిగా దిగబడింది. మట్టి పులిసిన వాసన కొట్టింది. కుమ్మరులు మొక్కల నడుమ కాలువలు తీసి, అడుగున కుండపెంకులు పరిచి నీరు ఇంకిపోయే దారి చేశారు. మట్టి ఆరేదాకా ఎవరూ చుక్క నీరు పోయరాదని ఊరు కట్టుబడింది. చెత్త మోసిన రోజులకన్నా ఆ రోజులే ఊరివారికి కష్టంగా గడిచాయంటారు. ఓబులక్క మొదటి రోజే నిండు కడవతో వచ్చింది. బయ్యమ్మ ఆ కడవమీద చెయ్యి వేసి, పక్కన కూర్చుంది. పదకొండవ నాడు ఎండుపుల్లల్లా ఉన్న కొమ్మలమీద గోరంత చిగుళ్లు కనిపించాయి.

చైత్రంలో నాగమనాయకుడు వచ్చాడు. చెత్త లేదు, కాని తోట అనదగినది కూడా లేదు. చిగుళ్లే గాని ఒక్క పువ్వు లేదు. ఇది తల్లికి చాలదని తలచి, శిలను పెకలించమని భటులకు చెప్పాడు. భటుడు శిల ఎడమ అంచును ఒరుసుకునేలా మట్టిలో గునపం దింపాడు.

ఓబులక్క అడ్డం వచ్చి నిలబడింది. దొరతో మాట్లాడాలంటే చేతులు జోడించాలి. చేతులు జోడించాలంటే చంకలోని బిడ్డను దింపాలి. ఆమె ఒక క్షణం అటూ ఇటూ చూసి, చెన్నిని ఆ తడి ఆరిన మట్టిమీద దింపి, రెండు చేతులూ జోడించింది.

"పూలు పూయడం ఆమె ఇష్టం దొరా. మట్టి చూసుకోవడం మాకు ఇప్పుడే తెలిసింది. ఆమెను తీసుకుపోకు."

దొర బదులు చెప్పేలోగా భటుడు గునపం ఆపి తవ్విన చోటు చూపించాడు. రెండు నెలల కిందట నాటిన నలభై మొక్కల తెల్లని లేతవేళ్లు నలువైపులనుంచీ వచ్చి శిల పాదాన్ని జడ అల్లినట్లు చుట్టుకుని ఉన్నాయి. తల్లిని కదపాలంటే అన్నిటినీ నరకాలి. దొర వంగి ఆ వేళ్లను, మట్టిని వేలితో ముట్టి చూసి, ఈమె ఇక్కడ పాతుకుంది, ఈమె చిగురమ్మ అని చెప్పి గునపం తీయించాడు. ఆయన మాట విని ఓబులక్క బిడ్డకోసం వెనుదిరిగేసరికి బిడ్డ దింపిన చోట లేదు. చెన్ని తనంతట తాను నాలుగడుగులు వేసి మందారం మొక్కను పట్టుకుని నిలబడి ఉంది.

శిలకు ఎడమపక్క ఆ గునపం గాటు నేటికీ కనిపిస్తుంది. చైత్రమాసపు ఉత్సవంలో నీళ్లు తెచ్చినవారు ముందు మట్టిలో వేలు దింపి చూస్తారు. తడి ఉంటే ఆ నీళ్లు ఇంటికి తీసుకుపోతారు. పొరుగింటివారి మొక్కను చూసుకోవడమే గాని తమ ఇంటి మొక్కను తాము చూసుకోవడం అక్కడ ఆచారం కాదు. చెన్ని ఎన్నేళ్లు బతికిందో చెప్పేవారు ఒక్కొక్కరు ఒక్కో విధంగా చెబుతారు కనుక ఆ సంగతి ఇక్కడ రాయడం లేదు. చిగురమ్మకు మాత్రం రెండు చేతులూ జోడించే మొక్కాలి. బిడ్డను ఎత్తుకుని వచ్చిన తల్లులు ముందుగా బిడ్డను ఆ మట్టిమీద దింపి, ఒక్క అడుగు వెనక్కి జరిగి నిలబడతారు.