గుబురమ్మ బోణీ

అనగనగా ఒక అడవిలో, ఏటికీ సంతకీ నడుమ, మొండిగుట్ట అనే ఒక గుట్ట ఉండేది పిల్లలూ. పేరుకు తగ్గట్టే మొండిది. రాళ్లూ, ముళ్లూ, చీపురు గడ్డీ తప్ప అక్కడ ఏమీ మొలిచేది కాదు. ఆ గుట్ట మీద కుందేళ్లూ, ఉడుతలూ, ముళ్లపందులూ కాపురం ఉండేవి. పొద్దు పొడిచింది మొదలు చీపురు గడ్డి కోస్తేనే వాటికి ఆ పూట గడిచేది. సంత ఏమో రెండు గుట్టల అవతల. కూర కోసం అంత దూరం పోతే ఆ రోజు పని పోయినట్టే. అందుకని గుట్ట కింద నక్క కొట్లో దొరికే బెల్లం ఉండలూ, ఎప్పుడో వేయించిన అప్పాలూ కొనుక్కుని తినేవి. కడుపు నిండేది. ఒంట్లో సత్తువ మాత్రం ఉండేది కాదు.

ఏటి ఒడ్డున గుబురమ్మ అనే ఎలుగుబంటికి కూరల తోట ఉండేది. తోటకూర, బచ్చలి, పొన్నగంటి... ఆమె చెయ్యి పడితే చాలు, ఏదైనా ఏపుగా పెరిగేది. తెల్లవారకముందే కోసి, గంపకెత్తి, తడిగుడ్డ కప్పి కట్టి, నెత్తిన పెట్టుకుని సంతకు బయలుదేరేది. దారి మొండిగుట్ట మీదుగానే.

గుబురమ్మ మంచిదే. నోరు కాస్త పెద్దది, అంతే. కానీ ఆమెకో పట్టింపు ఉండేది. బోణీ, అంటే రోజులో మొదటి బేరం, కలిగినవాళ్ల చేత్తోనే జరగాలి! ఎప్పుడో ఒకసారి గుట్ట మీద ఒక ముళ్లపంది గీచి గీచి బేరమాడి బోణీ చేసిందట. ఆ రోజే సంతలో వడగళ్ల వాన పడి గంపంతా పాడైందట. వాన కురిపించింది మబ్బు, నింద మోసింది ముళ్లపంది. అదేం న్యాయమో మరి! అప్పటినుంచి సంతలో కలిగిన ఇంటి నెమలమ్మ మొదటి కట్ట కొనేదాకా గుబురమ్మ గంప మీది గుడ్డ తీసేది కాదు.

ఒకరోజు పొద్దున్నే పుల్లి అనే కుందేలు కొడుకును వెంటబెట్టుకుని దారిలో నిలబడింది.

"అక్కా, ఒక్క కట్ట పొన్నగంటి కూర ఇచ్చి పో. మా గోగుగాడికి పొద్దు వాలితే చూపు ఆనడం లేదు. నిన్న మా బొరియ గుమ్మం తట్టుకుని పడ్డాడు. రోజూ పచ్చి ఆకు పెట్టమని గుడ్లగూబ వైద్యుడు చెప్పాడు."

"అయ్యో, ఇంకా బోణీ కాలేదే పుల్లీ! వచ్చేటప్పుడు ఇస్తాలే. నీకు సగం ధరకే ఇస్తా," అంది గుబురమ్మ.

సాయంత్రం తిరిగి వచ్చేసరికి గంప అడుగున ఏముంటుంది? పొన్నగంటి కూర సంతలో అన్నిటికంటే ముందే చెల్లిపోయింది. మిగిలినవి పండుటాకులూ, ఎండకు వడలిన కాడలూ. అవే పుల్లి చేతిలో పెట్టి, "కొసరు కూడా వేశాను, చూసుకో," అంది గుబురమ్మ.

గోగు ఒక ఆకు నోట్లో పెట్టుకుని తూ అని ఉమ్మేశాడు. "అమ్మా, నాకు బెల్లం ఉండలే కావాలి," అన్నాడు.

"పిల్లలకి ఆకు రుచి ఎక్కడ తెలుస్తుందిలే," అనుకుని, పుణ్యం మూటగట్టుకున్నంత సంబరంగా గుబురమ్మ ఇంటికి పోయింది.

కొన్నాళ్లకు పుల్లి మళ్లీ ఎదురొచ్చింది. ఈసారి గుప్పెట నిండా గవ్వలు తెచ్చింది.

"బేరమాడనక్కా. సంతలో ఎంతో అంతే ఇస్తాను. తాజా కట్ట ఒక్కటి ఇయ్యి."

"ధర గురించి కాదే తల్లీ, పట్టింపు! నా గంప చెల్లకపోతే నా పిల్లలేం తినాలి చెప్పు?"

నా పిల్లాడేం తినాలి అని పుల్లి అడగలేదు. అడిగితే బాగుండేది. తల వంచుకుని గడ్డి కోతకు పోయింది.

ఇంకొన్నాళ్లకు, మసక వెలుతురులో, గోగు ఒక్కడే దారిలో కనిపించాడు. అడుగుల చప్పుడు వినగానే గవ్వ పట్టుకుని చెయ్యి చాపాడు.

"పెద్దమ్మా, ఇవాళ నేను బోణీ చేస్తా!"

చాపింది గుబురమ్మ వైపు కాదు. పక్కనున్న చీమల పుట్ట వైపు.

గుబురమ్మ ఆగిపోయింది. గంప దించింది. గుడ్డ ముడి సగం విప్పింది కూడా. అంతలోకే ఆ వడగళ్ల వాన గుర్తుకొచ్చింది. ముడి మళ్లీ బిగించింది.

"సాయంత్రం తప్పకుండా తెస్తా నాన్నా. నీకోసం ఒక కట్ట విడిగా దాచిపెడతా," అంది.

"నిజంగానా? అయితే నువ్వొచ్చేదాకా ఇక్కడే ఉంటా పెద్దమ్మా," అన్నాడు గోగు.

గుబురమ్మ మాట తప్పలేదు పిల్లలూ. ఎవరెంత అడిగినా ఇవ్వకుండా ఒక పొన్నగంటి కట్టను తడిగుడ్డలో చుట్టి దాచింది. కానీ సంతలో ఆలస్యమైంది. గుట్ట చేరేసరికి పొద్దు వాలిపోయింది. పుల్లి ఏడుపు దూరంనుంచే వినిపించింది.

గోగు అన్నట్టే అక్కడే ఎదురుచూశాడు. ఏదో చప్పుడైతే పెద్దమ్మే అనుకుని అటు నడిచాడు. అక్కడ దారి లేదు, లోయ ఉంది.

గుడ్లగూబ వైద్యుడు గోగు కాలికి కట్టు కట్టాడు. కళ్లు చూసి తల అడ్డంగా ఊపాడు.

"కాలు అతుక్కుంటుంది. చూపు ఇక రాదు. మొదట్లోనే రోజూ పచ్చి ఆకు కడుపులో పడి ఉంటే నిలిచేది."

గుబురమ్మ ఆ కట్ట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటారే, అదే అయింది. పుల్లి ఆమె వైపు చూడకుండా గోగును ఎత్తుకుని బొరియలోకి పోయింది. తిట్టి ఉంటే గుబురమ్మ కాస్త తేలికపడేది పాపం.

మర్నాడు పొద్దున్నే గుబురమ్మ గంపను పుల్లి గుమ్మంలో దించింది. గుడ్డ తీసేసింది. "గోగూ, బోణీ చెయ్యి నాన్నా," అంది. గోగు తడుముకుంటూ గవ్వ ఇచ్చాడు. ఆనక గుట్ట మీది వాళ్లంతా తలా ఒక కట్ట కొనుక్కున్నారు.

ఆ రోజు వాన పడలేదు. పిడుగూ పడలేదు. సంతలో మిగతా కూరంతా ఎప్పటిలాగే చెల్లిపోయింది. ఖాళీ గంప చూసుకుని, "ఇంతేనా? ఇంత తేలికైన పనా నేను చెయ్యంది?" అని గుబురమ్మ సంత మధ్యలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

అప్పటినుంచి రోజూ మొండిగుట్ట మీదే ఆమె బోణీ. గుట్ట మీది పిల్లలు తేరుకున్నారు. నక్క తన బెల్లం ఉండలకు ముసురుకునే ఈగలు తోలుకుంటూ కూర్చునేది. గోగు మాత్రం గంప పక్కన కూర్చుని ఆకులు తడిమి, వాసన చూసి, "ఇది తోటకూర, ఇది బచ్చలి," అని చెప్పేవాడు. ఎప్పుడూ తప్పేవాడు కాదు.

ఒకరోజు పొన్నగంటి కట్టను చెంపకు ఆనించుకుని అడిగాడు. "పెద్దమ్మా, పచ్చరంగు ఎలా ఉంటుందో మరిచిపోతున్నా. కాస్త చెప్పవా?"

అంత పెద్ద నోరున్న గుబురమ్మకు ఆ రోజు ఒక్క మాట దొరకలేదు.

నీతి: లేనివాళ్ల గుమ్మంలోకి కూర పచ్చగా ఉన్నప్పుడే చేరాలి, వాడిపోయాక ఎంత కొసరు వేసినా పోయింది తిరిగి రాదు.