గవరమ్మ బయానా

చేను గట్టున, గడ్డిదుబ్బు కింద బొరియలో చిట్టెలుక గవరమ్మ ఒంటరి కాపురం. వానలు ముంచుకొస్తున్నాయి. పోయినేడు నీళ్లు బొరియలో నడుంలోతు నిలిచాయి. ఈసారైనా ఎత్తు మీదకి మారాలని ఆవిడ ఆరాటం. దాచుకున్నవల్లా పది వరి కంకులు. వానాకాలమంతా అవే తిండి.

ఆ చేలలో ఎవరేం అమ్మాలన్నా, కొనాలన్నా చిలుక పచ్చయ్యకి చెబితే చాలు. కొమ్మకొమ్మ మీదా వాలి కూసేవాడు.

"మిట్ట మీద బొరియ! ఎంత వానకైనా చుక్క దిగదు! బయానా ఎనిమిది కంకులు!"

గవరమ్మ చెవులు రిక్కించింది. "ఎవరిది నాయనా?"

"ఓ కుందేలుదట మామ్మా. కొండ మీద కాపలా కొలువట, రాలేడట. కంకులు కాలవ పక్కన నల్లరాయి కింద పెడితే, బొరియ ఎక్కడో చెబుతాడట."

"నువ్వు చూశావా అతన్ని?"

"కొండవార పొదలోంచి గొంతు వినిపించింది. విన్నది మోసుకొచ్చా. చూడ్డం నా పని కాదు."

"బొరియకి దారులెన్ని?"

"రెండట."

గవరమ్మకి ఈమధ్య మతిమరుపు. పొద్దున్న తిన్నదీ లేనిదీ గింజల పొట్టు చూసుకుని తేల్చుకుంటోంది. నలుగురికీ తెలిస్తే నవ్వుతారని లోలోపల బెంగ. కాసేపటికి దారుల సంగతి మరిచిపోయింది. సిగ్గుపడుతూనే మళ్లీ అడిగిరమ్మంది.

"మూడట మామ్మా."

మూడనగానే ఆవిడకి గుర్తొచ్చింది. "ఇందాక రెండన్నావు కదూ?"

"ఏమో మామ్మా, రోజుకి వంద కూతలు కూస్తా."

నేనే తప్పుగా విన్నానేమో అనుకుని గవరమ్మ తననే తిట్టుకుంది. "ఓసారి చూశాక ఇస్తానని చెప్పు."

పచ్చయ్య వెళ్లి రెక్కలు కొట్టుకుంటూ వచ్చాడు. "చూసేదాకా ఆగడట! పక్కచేలో ఎలుక సాయంత్రానికల్లా కంకులు తెస్తానందట. మీ ఇష్టమన్నాడు."

గవరమ్మ గబగబా ఎనిమిది కంకులు గడ్డిపోచతో కట్టింది. అంతలో కళ్లు మూతలు పడి, ఓ కునుకు తీసింది. లేచి చూస్తే మూట కనబడలేదు.

"పెట్టొచ్చేశానన్నమాట. పచ్చయ్యా, కంకులు రాయి కింద పెట్టేశానని చెప్పు. బొరియ ఎక్కడో కనుక్కుని రా."

ఎంతో సేపు పట్టలేదు. గుమ్మం ముందు దబదబమని అడుగుల చప్పుడు. పందికొక్కు కోటప్ప! మూతి నిండా బురద.

"ఏం మామ్మా, వేళాకోళమా? రాయి మూడుసార్లు ఎత్తి చూశా. కంకి కాదు కదా, గింజ కూడా లేదు!"

"లేవా? పెట్టాననే అనుకున్నానే..." కంగారుగా పొట్టు కెలికితే మూట అక్కడే ఉంది. దాన్ని ఒళ్లోకి లాక్కుని, నెమ్మదిగా తలెత్తింది. "అబ్బాయ్ కోటప్పా, అవి కుందేలుకి ఇస్తానన్న కంకులు. రాయెత్తే పని నీకెందుకు పడింది?"

"దారిన పోతూ..."

"దారిన పోతూ మూడుసార్లా?"

వెనకే వచ్చి వాలిన పచ్చయ్య కెవ్వుమన్నాడు. "పొదలో గొంతు ఇదే మామ్మా! ఇప్పుడే ఊరంతా కూస్తా!"

"నీ కాళ్లు పట్టుకుంటా, కూయకురా! బొరియ లేదు, ఏమీ లేదు మామ్మా. తప్పయిపోయింది!"

"సరే, తవ్వడం వచ్చా?"

"అదొక్కటే వచ్చు."

"అయితే మిట్ట మీద ఒకటి తవ్వు. ఎదురుగా కూర్చుని చూస్తా. లోపల పడుకుని చూశాక రెండు కంకులిస్తా. అప్పటిదాకా పచ్చయ్య నోరు మూసుకునుంటాడు."

కోటప్ప పొద్దుగూకేదాకా చెమటలు కక్కుతూ తవ్వాడు. మధ్యలో గవరమ్మ నాలుగుసార్లు అడిగింది, "ఎవరి కోసం నాయనా ఇంత కష్టపడుతున్నావు?" అని. అడిగిన ప్రతిసారీ కోటప్ప పళ్లు కొరుక్కుంటూ, "మీ కోసమే మామ్మా" అని చెప్పాల్సి వచ్చింది.

కంటితో చూడని ఇంటికి బయానా ఇవ్వకండి. తొందరపెట్టేవాడికైతే అసలే ఇవ్వకండి.