పది పెద్దదా, అర పెద్దదా?

అనగనగా గోదారి నడుమ ఒక లంక ఊరుందట, చిట్టితల్లీ. ఆ ఊళ్ళో సత్తెమ్మ అని, రవికెలు కుట్టుకు బతికే మనిషి. ఆవిడకి ఒక్కటే గేదె, పేరు గౌరి. నెలలు నిండి, నేడో రేపో ఈనేట్టుంది. అప్పుడే వరదొచ్చింది.

పొద్దున్నే చేలు మునిగాయి. ఆ తర్వాత దారి మునిగింది. ఆ తర్వాత గేదెల పాక ఉన్న మిట్ట చుట్టూ ఎర్రనీళ్ళు చేరాయి. సరిగ్గా అప్పుడే గౌరి నొప్పులతో కూలబడిపోయింది.

మధ్యాహ్నానికి పశువులను దాటించే పంటు వచ్చింది. పంటు నడిపే పోలినాయుడు కేకేశాడు. "నీళ్ళు గంటకి పది సెంటీమీటర్లు పెరుగుతున్నాయట! ఎక్కండెక్కండి! మళ్ళీ రావాలంటే నాకు మూడు గంటలు!"

సత్తెమ్మ బావగారు వీరన్న నీళ్ళకేసి చూశాడు. "మిట్ట అర మీటరే మిగిలింది. వచ్చేది పది, ఉన్నది అర! మునిగాం! గేదెనొదిలేసి ఎక్కమ్మా!"

సత్తెమ్మ గౌరి కేసి చూసింది. గౌరి ఆవిడ వంకే చూస్తోంది.

అప్పుడు సత్తెమ్మ మెళ్ళో వేలాడే టేపు తీసి, మిట్ట అంచు నుంచి నీటి దాకా జార్చింది.

"ఆగండి బావగారూ. పది సెంటీమీటర్లు, అర మీటరు. రెంటికీ పోటీ పెడితే ఎలా? మీటరంటే వంద సెంటీమీటర్లు. అరంటే యాభై. గంటకి పది చొప్పున మనకి అయిదు గంటల వ్యవధుంది. పంటు మూడు గంటల్లో మళ్ళీ వస్తుందిగా."

"కాన్పు దగ్గర లెక్కల బడా!" అని విసుక్కున్నాడు వీరన్న. అయినా తమ్ముడి భార్యనొదిలి పంటెక్కలేదు. పంటు వెళ్ళిపోయింది.

ఆ తర్వాత సత్తెమ్మ వెదురుకర్రకి పదేసి సెంటీమీటర్లకో ఎర్రదారం కట్టి, నీటి అంచున పాతింది. మొత్తం అయిదు దారాలు.

మొదటి గంటకి ఒక దారం మునిగింది. దూడ రాలేదు. రెండో గంటకి ఇంకోటి మునిగింది. దూడ ముంగాళ్ళు కనిపించాయి. మూడో గంటలో ఒకటి మునిగింది, వెంటనే మరోటీ మునిగింది!

"అయిదు గంటలన్నావే!"

"లెక్క మారలేదు బావగారూ, గోదారి జోరు మారింది. ఇంకొక్క దారమే. పట్టండి, లాగండి!"

ఇద్దరూ లాగారు. దూడ జారి పడింది. కదల్లేదు. సత్తెమ్మ దాని ముక్కు తుడిచి, ఒళ్ళంతా గడ్డితో రుద్దింది. తుమ్మింది బుజ్జిముండ!

అప్పుడే పంటు కూత వినిపించింది. వీరన్న దూడని భుజానేసుకుని పరిగెత్తాడు. బిడ్డ వాసన పట్టుకుని గౌరి లేచింది, తూలుతూ వెనకే నడిచింది. పంటు కదిలేసరికి ఆఖరి దారం మునిగింది.

గట్టు చేరాక సత్తెమ్మ సరదాగా దూడ ఎత్తు కొలిచింది. "డెబ్భై!" అంది.

"డెబ్భై ఏంటమ్మా?" అన్నాడు వీరన్న గుండె పట్టుకుని. "ముందది చెప్పు!"

కథేమో కంచి దారి పట్టింది,
దూడేమో తల్లి పొదుగు పట్టింది,
నా చిట్టితల్లికి నిద్ర పట్టింది.