చంచలాదేవి మాటలు

రామినాయుడు గురువుగారి ఇంటి అరుగు మీద ట్రంకు పెట్టె పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. ఆరేళ్ళుగా హరికథ నేర్చుకుంటున్న ఇల్లు అది. సాయంత్రానికి ఆ ఇంట్లోనే ఉంటాడో, పెట్టె మోసుకుని పార్వతీపురం బస్సెక్కుతాడో అతనికే తెలియదు.

ముందురోజు వినాయకుడి పందిట్లో అతను మొదటిసారి సొంతంగా కట్టిన కథ చెప్పాడు. రెండున్నర గంటలు. జనం పడీపడీ నవ్వారు, చివర్లో కళ్ళు తుడుచుకున్నారు. శాలువా కప్పారు. విజయనగరంలో శాలువా కప్పించుకోవడమంటే మాటలు కాదు. అంత బాగా కుదిరిన కథ చెప్పినందుకు ఇల్లు వదిలి పోయే గతి పడుతుందా అని అతని బాధ.

కథ పేరు చంచలాదేవి చరిత్ర. ఆవిడ ఒక రాణి. పొద్దున మొగుణ్ణి దేవుడంటుంది, మధ్యాహ్నానికి దయ్యమంటుంది. రాజు వేటకెళితే కోపమొచ్చి ఆయన కిరీటం తీసుకెళ్ళి బావిలో పారేస్తుంది. తిరిగొస్తే కాళ్ళు పట్టుకుని ఏడుస్తుంది. మోచేతులు దాటేదాకా గాజులు వేసుకుంటుంది, ఎందుకో ఎవరికీ చెప్పదు. చివర్లో ఆవిడ చచ్చిపోతుంది, రాజు హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంటాడు.

ఈ రాణి అతనికి ఎక్కడ దొరికిందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. గురువు చిదంబరదాసు గారి కూతురు ఇందుమతి. ముప్పై రెండేళ్ళు. కోట దగ్గర ఒక జిరాక్సు సెంటర్లో డీటీపీ చేస్తుంది. రామినాయుణ్ణి తమ్ముడూ అని పిలుస్తుంది. ప్రేమ పుడితే జీతం డబ్బులతో అతనికి పట్టుపంచె కొంటుంది, కోపం వస్తే ఆ పంచెనే వీధిలోకి గిరాటేస్తుంది. మళ్ళీ తనే వెళ్ళి తెచ్చి ఉతికి ఆరేస్తుంది.

ఏడాది కిందట విశాఖపట్నంలో ఒక డాక్టరమ్మ ఆ జబ్బుకి పేరు చెప్పింది. బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్. సహస్రనామాలు గుక్క తిప్పుకోకుండా చదివే దాసుగారికి ఈ ఒక్క పేరు మాత్రం నోరు తిరగలేదు. శిష్యుడికి తన మాటల్లో చెప్పుకున్నారు. "మనకి చెంబుడు నీళ్ళు ఒలికినట్టుండేది ఆ పిల్లకి ఇల్లు మునిగినట్టుంటుందిరా. ఎవరైనా వదిలేసి పోతారని అనిపించినప్పుడు మరీను." ఇందుమతి వారం వారం విశాఖ వెళ్ళి వస్తోంది. ఈ మధ్య కాస్త తేరుకుంటోంది కూడా.

ఆమె నిన్న ముందు వరసలో కూర్చుంది. "మా తమ్ముడి కథ" అని జిరాక్సు సెంటర్లో చాటింపు వేసి, పదిమందిని వెంటబెట్టుకుని మరీ వచ్చింది. గాజుల పద్యం దగ్గర జనం ఈలలు వేస్తుంటే ఎండాకాలంలో కూడా విడవని తన పొడుగు చేతుల జాకెట్టు వంక ఒకసారి చూసుకుంది. కిరీటం బావిలో పడేసరికి లేచి వెళ్ళిపోయింది.

తెల్లవారగానే తండ్రి ముందు నిలబడింది.

"నాన్నా, ఈ ఇంట్లో వాడైనా ఉండాలి, నేనైనా ఉండాలి. ఏటో తేల్చీ."

దాసుగారు కాఫీ ఊదుకుంటూ, "సాయంత్రం చెప్తానమ్మా" అన్నారు. ఆమె తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. రామినాయుడు పెట్టె సర్దుకున్నాడు.

కాఫీ అయ్యాక దాసుగారు శిష్యుణ్ణి లోపలికి పిలిచారు. అతను వస్తూనే మొదలుపెట్టాడు.

"నేను ఇందక్క పేరెత్తలేదు గురువుగారూ. ఆమె గురించి అసలు రాయలేదు. ఇలాటి ఆడవాళ్ళ గురించి చాలా చదివాను. వారపత్రికల సీరియళ్ళే పదకొండు చదివాను. సినిమాలు చూసాను. అన్నింట్లోనూ ఇదే. ముందు మహా అందంగా ఉంటుంది, తరవాత కత్తి పట్టుకుంటుంది, చివర్లో పిచ్చాసుపత్రి, లేపోతే చావు."

"అన్నింట్లోనూ ఇదేనా?"

"ఇదేనండి."

"మరి నువ్వు కొత్తగా కట్టిందేవిట్రా?"

రామినాయుడు ఉక్రోషంగా తల దించుకున్నాడు.

"పోనీ, చంచలాదేవి అని ఎవరు పెట్టారు ఆ పేరు? పుట్టిన పిల్లని ఉయ్యాల్లో చూసి ఏ తల్లైనా ఆ పేరు పెడుతుందిరా?"

దాసుగారు పక్కవీధి నుంచి మృదంగం లింగమూర్తిని పిలిపించారు. ఆయన వచ్చి చాప మీద కూర్చున్నాడు.

"గజ్జె కట్టుకో" అన్నారు దాసుగారు శిష్యుడితో. "నిన్నటి కథే చెప్పు. మొదట్నుంచి చివరిదాకా. కాకపోతే రాణి మాటలు మాత్రమే పైకి చెప్పు. మిగతావాళ్ళ వంతు వచ్చినప్పుడు మనసులో అనుకో. వాళ్ళు ఎంతసేపు మాట్లాడితే అంతసేపూ నోరెత్తకు."

హరికథలో మనిషి ఒక్కడే. రాజూ అతనే, రాణీ అతనే, చెలికత్తే అతనే. కుడివైపు తిరిగితే రాజు, ఎడమవైపు తిరిగితే రాణి. మొదటి ఏడాది దాసుగారు నేర్పింది అదే. మెడ తిప్పితే చాలదు, పాదం తిరగాలి అని ఎన్నిసార్లు కాళ్ళ మీద కొట్టారో లెక్క లేదు.

రామినాయుడు చిరతలు పట్టుకుని నిలబడ్డాడు. ప్రార్థన మనసులోనే అయింది. రాజ్యం వర్ణన మనసులోనే అయింది. రాజు మంత్రితో తన భార్య గురించి పావుగంట మొర పెట్టుకున్నాడు. రామినాయుడు నోరు మూసుకుని కుడివైపుకే తిరిగి ఉన్నాడు. తరవాత చెలికత్తెలు వసారాలో చేరి రాణి మీద చాడీలు చెప్పుకున్నారు. గాజుల పద్యం వచ్చింది. అది కూడా చెలికత్తెదే.

లింగమూర్తి మృదంగం మీద చేతులు పెట్టి ఎదురుచూశాడు. చేతులు తీసి మోకాలు గోక్కున్నాడు. మళ్ళీ పెట్టాడు. తరవాత ఆవలించాడు.

అరగంట దాటాక రామినాయుడి పాదం మొదటిసారి ఎడమవైపు తిరిగింది.

"ప్రాణనాథా!" అన్నాడు. అంతే. మళ్ళీ కుడివైపు తిరిగిపోయాడు.

ఇంకో ఇరవై నిమిషాలకి ఎడమవైపు తిరిగి "పో!" అన్నాడు. ఆ తరవాత రాణి వికటంగా నవ్వాలి. నిన్న మైకులో ఆ నవ్వుకి పందిరి దద్దరిల్లింది. ఇవాళ పొద్దుటి ఎండలో, ముగ్గురు మనుషులున్న గదిలో ఆ నవ్వు నవ్వేసరికి అతనికే సిగ్గేసింది. ఇక కథ చివర్లో "అయ్యో!" అని ఒక్క కేక ఉంది. అదీ వేశాడు.

లింగమూర్తి ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు.

"ఏటి, అయిపోయిందేటి? ఇంకా మొదలవనేదనుకున్నాను గురూగారూ!"

దాసుగారు నవ్వలేదు. శిష్యుడి వంకే చూస్తూ అడిగారు.

"రెండున్నర గంటలు ఎవరి కథ చెప్పావురా?"

దాసుగారు లేచి, కథ రాసుకున్న నోట్సు తీసి, అందులో తెల్లకాగితాలున్న చోట తెరిచి అతని చేతిలో పెట్టారు. తలతో ఇందుమతి గది వైపు చూపించారు.

అతను గజ్జెలతోనే వెళ్ళి తలుపు ముందు నిలబడ్డాడు.

"అక్కా."

"పో!"

ఇప్పుడే తాను అభినయించిన మాట. ఎడమవైపు పాదం తిప్పి, కళ్ళు పెద్దవి చేసి, నిన్న మైకు అదిరిపోయేలా అన్న మాట. తలుపు అవతల అది అలా లేదు. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతుతో, వినిపించీ వినిపించనట్టుంది. అతను వెళ్ళబోయినవాడల్లా గుమ్మం పక్కనే చతికిలబడ్డాడు.

"పొమ్మన్నానా?"

"పోతానక్కా. పెట్టె కూడా సర్దీసాను. ఒక్కటడిగి పోతాను. రాణికి నేను మూడు మాటలే రాసాను. మిగతావి నాకు తెలీదు. ఏం అంటాదక్కా ఆవిడ?"

లోపల ఫ్యాను తిరుగుతోంది.

"రాజు వేటకెళ్ళేటప్పుడు" అంది ఇందుమతి చివరికి, "ఎప్పుడొస్తానని చెప్పి ఎళ్ళేడు?"

రామినాయుడు నోట్సు తిరగేశాడు. వేట వర్ణన మూడు పేజీలుంది. అడవి ఉంది, లేడి ఉంది, గుర్రం డెక్కల చప్పుడు ఉంది. అది మాత్రం ఎక్కడా లేదు.

"అది రాయలేదక్కా."

"ఎందుకు రాయలేదు?"

అప్పుడు అతనికి సాలూరు గుర్తొచ్చింది. మొన్న మాఘమాసంలో మేనమామ కూతురి పెళ్ళికి సాలూరు వెళ్ళాడు. గుమ్మం దిగుతూ, "రేపొచ్చేస్తానక్కా" అన్నాడు. అయిదో రోజున వచ్చాడు. పెళ్ళివారింట్లో పేకాట, చుట్టాలు, ఫోను ఎక్కడో సంచీ అడుగున చచ్చి పడుంది. తిరిగొచ్చేసరికి ఇందక్క అతని గజ్జెలు బావిలో పారేసిందని తెలిసింది. ఆ గజ్జెల్నే కథలో కిరీటం చేశాడు. అయిదు రోజుల్నీ వేట చేశాడు. 'రేపొచ్చేస్తా' అన్న మాట వదిలేశాడు. కావాలని వదిలేసినా కొంత నయం. అది అతనికి గుర్తే లేదు.

"మూడో రోజుకి నువ్వు చచ్చిపోయావనుకున్నాను" అంది ఆమె. "తరవాత, చావలేదు, మమ్మల్ని వదిలీసాడు అనుకున్నాను. ఆ రెండోదానికే ఎక్కువ భయమేసింది. ఏటనుకుంటావో అనుకో."

"ఏమీ అనుకోనక్కా."

"గజ్జెలు విసిరీసాను. నిజమే. లేదని ఎవరన్నారు? అది తీసీమనట్లేదు నేను. కిరీటం పారెయ్యనీ. పారీసిన తరవాత ఆవిడ ఏం చేసిందో చెప్పావా మరి?"

"ఏం చేసింది?"

"పాతాళగరిగె వేసి వెతికింది."

పాతాళగరిగె అంటే నూతిలో పడ్డ చేదల్ని తీసే కొక్కేల గుత్తి. దాన్ని తాడుకి కట్టి దింపి, అడుగున దేవుకుంటూ పోవాలి. ఓపికున్న మగాళ్ళు కూడా పది నిమిషాలకి విసుక్కుంటారు.

"మధ్యాన్నం నుంచి దీపాలు పెట్టేదాకా వెతికింది. చేతులు బొబ్బలెక్కిపోయేయి. ఒకటి దొరికాక రెండోది దొరకలేదు. రెండోదాని కోసం మర్నాడు పొద్దున్న మళ్ళీ దింపింది. తడి తుడిచి, ఎండబెట్టి, మేకుకి తగిలించింది. ఎవరు తీసారనుకున్నావు నువ్వు?"

"గురువుగారు తీసారనుకున్నాను."

"అడిగీవా?"

అడగలేదు. ఆ గజ్జెలు ఇప్పుడు కూడా అతని కాళ్ళకే ఉన్నాయి. రామినాయుడు మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. ఇరవై నాలుగేళ్ళవాడు, నిన్ననే శాలువా కప్పించుకున్నవాడు, చిన్నపిల్లాడిలా ముక్కు చీదుకుంటూ ఏడ్చాడు. నిన్న తన కథకి కళ్ళు తుడుచుకున్నవాళ్ళలో ఒక్కరూ ఇంత ఏడ్చి ఉండరు.

గడియ తీసిన చప్పుడైంది. ఇందుమతి గుమ్మంలో నిలబడింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"గాజుల సంగతి మాత్రం నాది" అంది. "అది కథలో ఉండకూడదు."

"తీసేస్తానక్కా. ఇప్పుడే కొట్టేస్తాను."

"పద్యం బావుందనుకో." ఒక్క క్షణం ఆలోచించింది. "అయినా తీసీ."

అతను పెన్సిలుతో పేజీ మొత్తం అడ్డంగా గీతలు గీసేశాడు. అంత మంచి పద్యం కొట్టేస్తుంటే ఏ కవికైనా ప్రాణం ఉసూరుమంటుంది. అతనికీ అనిపించింది. చెయ్యి మాత్రం ఆగలేదు.

"అక్కా, మరి నేను ఎళ్ళాలా?"

ఆమె అరుగు మీదున్న పెట్టె వంక చూసింది. అతని వంక చూసింది.

"ఇవాళ్టికి ఉండు" అంది. "రేపటి సంగతి నాకు తెలీదు. నాకు ఎప్పుడూ తెలీదు కూడా."

మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నారు. లింగమూర్తి ఒక్క దెబ్బ వాయించకుండానే భోజనం సంపాదించుకున్నందుకు హుషారుగా ఉన్నాడు. ఇందుమతి వడ్డిస్తూ, తండ్రి దగ్గర ఆగింది.

"సాయంత్రం ఏదో చెప్తానన్నావు నాన్నా."

"నేనా?" అన్నారు దాసుగారు. "ఏటమ్మా అది? మర్చిపోయాను."

"నీకు అన్నీ బాగా మర్చిపోవడం వచ్చు" అని ఆమె విసురుగా ఇంకో గరిటె పప్పు వేసింది.

రామినాయుడికి అన్నం మీద ధ్యాస లేదు. తెల్లకాగితాల్లో పొద్దుట్నుంచి ఏడు పేజీలు నిండాయి. రాజు చేత 'రేపొచ్చేస్తా' అనిపించాడు. నూతి గట్టు మీద రాణిని సాయంత్రం దాకా నిలబెట్టాడు. ఆవిడ పేరింకా కుదరలేదు గానీ చంచల మాత్రం కాదు. ఒక్క చోటే బండి ఆగిపోయింది.

"గురువుగారూ, రాణిని ఇక చంపలేను. మరి కథ ఎలా ముగించాలి? జబ్బు నయమైపోయి సుఖంగా ఉందని చెప్పమంటారా?"

దాసుగారు కలుపుతున్న చెయ్యి ఆపి కూతురి వైపు చూశారు. ఆమె పులుసులో ఉప్పు గురించి లింగమూర్తితో తగువు వేసుకుంటోంది. ఈ జన్మలో నీకు వడ్డించను పొమ్మంటూనే అతని విస్తట్లో నెయ్యి వేస్తోంది.

"బతికున్న మనిషికి ముగింపు చెప్పడానికి నువ్వెవడివిరా?" అన్నారు దాసుగారు. "మంగళం పాడి దిగిపో."